తురాయి ఆగే చోటు

డిచ్‌పల్లి,
జూలై నెల.

ఆత్మారాం అన్నకు, చెల్లె సుమలత రాస్తున్నది.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తుతావు. అవతల నీ ఊపిరి వినబడుతుంది. నేనొక్కదాన్నే కాసేపు మాట్లాడి పెట్టేస్తాను, ఆ రోజంతా ఇక పని మీద మనసు నిలవదు. ఆపరేషన్‌లో నీ గొంతు తీసేసిన తర్వాత ఇంట్లో పలక మీద రాసి చూపిస్తున్నావని వదినె చెప్పింది. ఆ చేత్తోనే నాకూ ఒక కాగితం రాయి. ఫోన్‌లో తెలుగు కొట్టడం నీకు రాదని తెలుసు.

నీ గుర్రం తురాయి బాగానే తింటోంది. నువ్వు ఆస్పత్రిలో ఉండగా మా సార్ కొంటే తోలుకొచ్చాను కాబట్టి ఈ చోటు నువ్వు చూడలేదు. హైవేకు కొంచెం లోపల, చుట్టూ పసుపు చేన్లు. మా రామ్‌దాస్ సార్ ఫౌజులో గుర్రాల దళంలో చేసి వచ్చి, ఇక్కడ పిల్లలకు స్వారీ నేర్పే బడి పెట్టాడు. చిన్న పిల్లలు తురాయి మెడ పట్టుకుని వేలాడినా ఏమీ అనదు. అందరికీ అదంటే ఇష్టమే.

కానీ దుమకదు. రెండు ఇనుప స్టాండ్ల మీద ఒక వెదురు కట్టె, మోకాలెత్తున, అంతే. మేకపిల్ల కూడా దాటే ఎత్తు. దుల్కీ నడకలో, చిన్న పరుగున, చక్కగా వస్తుంది, కట్టె ముందర టక్కున నిలబడిపోతుంది. మీద ఉన్నవాళ్లు మెడ మీదికి జారతారు. సార్‌కు పెద్ద పిల్లల కోసం దుమికే గుర్రాలే కావాలి. నిన్న నన్ను పిలిచి, "సుమలతా, నీ మాట మీద తెచ్చిన దీన్ని. పెండ్లి బారాత్ గుర్రానికి ధైర్యమేడికెళ్లి వస్తది? గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటరు, గిది గుడ్డిది గూడ కాదాయె. డిసెంబర్ల మాలెగాం జాతరకు తోలుత" అన్నాడు.

ఆ జాతరలో ఎవరు కొంటారో మనకు తెలియనిదా. ఇటుక బట్టీకి పోయిన గుర్రాలను నువ్వే చూపించావు నాకు. దానికి దేనికి భయమో, ఏం చేస్తే పోతుందో రాయి.

నీ చెల్లె,
సుమలత

---

శక్కర్‌నగర్, బోధన్,
జూలై ఆఖరు.

చెల్లె సుమలతకు, అన్న దీవెనలు.

ఇంట్లో ఇప్పుడు మాట్లాడేది మీ వదినె ఒక్కతే. ఎదురు చెప్పేవాడు లేడు కాబట్టి ఆమెకు రాజ్యం వచ్చినట్టుంది. నేను పలక మీద ఒక మాట రాసేలోపు ఆమె పది మాటలు అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోతుంది. మీ వదినె ఉమారాణికి ఇన్నేళ్లకు న్యాయం జరిగిందిలే.

గొంతు జబ్బుకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవడానికి హైదరాబాద్ పోయి వస్తున్నాను. తెల్లవారక ముందు బస్సు, పొద్దుగూకినాక ఇల్లు. మెడ మీద చర్మం మాడింది. గంజి కూడా గొంతులో నిలబడి, దయ తలచి దిగుతుంది. మెడకు పెట్టిన రంధ్రంలోకి దుమ్ము పోరాదట, గడ్డి నుసి అసలే పోరాదట. గుర్రాల తబేలా గుమ్మం తొక్కొద్దని డాక్టర్ మరీ మరీ చెప్పాడు. పుట్టినప్పటి నుంచి తబేలాలో పెరిగినవాడికి చెప్పే మాటేనా అది.

తురాయికి భయమని మీ సార్ అన్నాడా. ఆయన ఫౌజులో ఎన్ని గుర్రాలు చూశాడో నాకు తెలియదు. వర్నిలో ఒక పెండ్లికి దాని కడుపు కింద పటాకులు పేలినాయి, చెవి కూడా కదపలేదు. దాన్ని మీ దగ్గర ఎవరో బెదరగొట్టి ఉంటారు.

ఇట్లా చెయ్యి. మీద ఎవరూ ఎక్కొద్దు. నువ్వే కళ్లెం పట్టుకుని కట్టె దాకా నడిపించు. కట్టెను వాసన చూడనివ్వు. అక్కడే నిలబెట్టి ఒక బెల్లం గడ్డ పెట్టు, మెడ నిమురు, వెనక్కి తీసుకురా. రోజూ చెయ్యి. కట్టె దగ్గర మంచే జరుగుతుందని దానికి తెలియాలి. తెలిసిననాడు అదే దాటుతుంది. గుర్రాన్ని తొందరపెట్టేవాడు గాడిదతో సమానమని మీ సార్‌కు నా మాటగా చెప్పొద్దు, నీ మాటగా చెప్పు.

అన్న,
ఆత్మారాం

---

డిచ్‌పల్లి,
ఆగస్టు నెలాఖరు.

అన్నకు,

బెల్లం పెట్టాను. వాన పడినా, ముసురు పట్టినా ఒక్క పూట కూడా తప్పలేదు. ఇప్పుడు తురాయి కట్టెను చూస్తే ఎగబడి వస్తుంది. వచ్చి, ఇంతకుముందు కంటే గట్టిగా నిలబడుతుంది. గుంజను భూమిలో పాతినట్టు. సార్ నవ్వాడు. "మీ అన్న మందు మంచిగ పని చేసింది. అంతకుముందు రొండు దినాలకొకసారన్న పక్కకెళ్లి ఉరుకుతుండె, ఇప్పుడు గది గూడ లేదు" అన్నాడు.

ముందర ఇంకో గుర్రాన్ని దుమికించి వెనక దీన్ని వదిలాం. ఆ గుర్రం దాటింది, ఇది నిలబడి దాని తోకను చూసింది. కట్టె పడిపోతే ఎత్తడానికి స్టాండ్ల దగ్గర నేనూ సారూ, ఈ పక్క ఒకరం, ఆ పక్క ఒకరం ఉంటాం. ఇద్దరం అదిలించినా అంతే. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తుంది.

నాకు విసుగొస్తోందన్నా. వానలో బురద తొక్కీ తొక్కీ కాలి వేళ్ల మధ్య చర్మం పాచిపోయింది. రాత్రి పడుకుంటే ఒళ్లు నాది కానట్టుంటుంది. దాని మీద కోపం వస్తుంది, మళ్లీ దాని మొహం చూస్తే నా మీదే కోపం వస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. నీ కరెంటు అయిపోయిన తర్వాత రాస్తాను, కంగారుపడకు.

సుమలత

---

శక్కర్‌నగర్,
సెప్టెంబర్.

చెల్లెకు,

కంగారుపడకు అని రాసి నాలుగు వారాలు కంగారు పెట్టావు. కరెంటు అయిపోయింది. ఆ ఇంకో సంగతి ఏమిటో రాయి.

నేనూ ఒక మాట రాస్తాను. మొన్న ఎండ వచ్చిందని తురాయి జీను బయట వేసి, తోలుకు నూనె రాశాను. జరీ పట్టీ ఒక చోట ఊడితే కుట్టాను. మీ వదినె బీడీల చాట ఒళ్లో పెట్టుకుని చూసి చూసి, "మింగ మెతుకు లేదు గని మీసాలకు సంపెంగ నూనె. నీకే గంజి దిగుతలేదు, గుర్రానికేం పెడ్తవ్?" అంది. పలక పక్కకు జరిపి మిగిలిన పట్టీ కూడా కుట్టాను.

చక్కెర ఫ్యాక్టరీ మూత పడ్డ తర్వాత ఈ ఊళ్లో చాలామందికి చేతిలో పని పోయింది. నాకు పోలేదు, గుర్రం ఉంది కాబట్టి. తర్వాత పెండ్లికొడుకులు కార్లెక్కినా, పదింటికి ఒకరన్నా గుర్రం కావాలని వచ్చేవాళ్లు. ఇప్పుడు పొద్దున లేచి ఏం చేయాలో తెలియక వాకిట్లో కూర్చుంటున్నాను. మాఘంలో ముహూర్తాలున్నాయి. అప్పటికి కొంచెం బలం వస్తుంది.

నాకు తురాయి కావాలి. మీ సార్‌కు పనికిరాకపోతే జాతరకు ఎందుకు, నాకే ఇవ్వమను. గడ్డి సంగతి నేను చూసుకుంటాను. దుమ్ము సంగతి కూడా.

ఆత్మారాం

---

డిచ్‌పల్లి,
అక్టోబర్, బతుకమ్మ అయిన వారం.

అన్నకు,

సార్‌ను అడిగాను. "డిసెంబర్ దాక సూస్త. దుమికితె నాది, దుమకకపోతె మీ అన్నది. ఈడి నుంచి బోధన్‌కే తోలుకపోండ్రి, జాతర కిరాయన్న మిగుల్తది" అన్నాడు. మాట మీద నిలబడే మనిషే. ఇక బట్టీ భయం లేదని ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. పొద్దున లేచేసరికి మాత్రం వేరే దిగులు. నువ్వు తబేలాలో దుమ్ము మింగడం, వదినె బీడీలు చుట్టి దాణా కొనడం, రెండూ కళ్ల ముందు కనబడ్డాయి. నీకు ఇవ్వొద్దని నేను అనను. అనలేను.

దాచిన సంగతి ఇది. కట్టె ముందు నిలబడి తురాయి ఎడమ ముంగాలు ఎత్తుతోంది. సార్ కాలు నొప్పి అన్నాడు. నీకు రాస్తే కరెంటు మానేసి ఇక్కడికి ఉరికొస్తావని రాయలేదు. పశువుల డాక్టర్ వచ్చి కాలంతా నొక్కి చూశాడు, వాపు లేదు. నాడాలు ఊడదీసి కొత్తవి కొట్టించాం. అయినా అంతే. నడకలో కుంటు లేదు, పరుగులో లేదు, కట్టె దగ్గరే. ముందు ఆగుతుంది, తల బాగా కిందికి వంచుతుంది, కాలు మడిచి పైకి పెట్టి అట్లాగే ఉంటుంది. తర్వాత కన్ను ఇటు తిప్పి నన్ను చూస్తుంది. ఈ కాలికి ఎప్పుడన్నా దెబ్బ తగిలిందా?

సుమలత

---

శక్కర్‌నగర్,
అక్టోబర్.

చెల్లెకు,

కాలికి ఏమీ కాలేదు. దెబ్బ ఎప్పుడూ తగలలేదు. డాక్టర్లను పిలవడం మానేయండి.

ఇంక దాన్ని సతాయించవద్దు. దుమకదని మీ సార్‌కు చెప్పి నాకు పంపించండి. డిసెంబర్ దాకా ఎందుకు.

నాకు ఒంట్లో బాగుంది.

ఆత్మారాం

---

డిచ్‌పల్లి,
నవంబర్.

అన్నకు,

నీ ఉత్తరం నాలుగు ముక్కల్లో ఉంది. నీకు ఒంట్లో బాగుంటే అంత చిన్న ఉత్తరం రాయవు.

ఇక్కడ జరిగింది రాస్తాను. చదివి నన్ను తిట్టు. సార్ నిన్న ఓపిక వదిలేశాడు. పెద్ద పిల్లల తండ్రులు వచ్చి కూర్చున్నారు, వాళ్ల ముందు తురాయి మళ్లీ నిలబడింది. ఆయన వెనక నుంచి వచ్చి బెత్తంతో పిర్రల మీద కొట్టాడు. అది కదల్లేదు. ఇంకా కొట్టాడు. ఒళ్లంతా వణుకుతోంది, చెమట పట్టింది. అట్లా వణుకుతూనే తల వంచి ఆ కాలు ఎత్తింది. కొట్టిన కొద్దీ ఇంకా పైకి ఎత్తింది. నేను పోయి మధ్యలో నిలబడితే సార్ బెత్తం పక్కకు పారేసి పోయాడు. సాయంత్రం తనే వచ్చి గాయాలకు మందు రాశాడు. "నా సర్వీసుల గిట్లాంటిది సూడలె. భయమున్న గుర్రం ఎనుకకన్న ఉరుకుతది, మీదికన్న లేస్తది. గిది దెబ్బలు తినుకుంట నిలవడ్డది. నాకైతె సమజైతలేదు" అన్నాడు.

నాకూ అర్థం కావడం లేదు. అలసిపోయానన్నా. ఏ తప్పుకు దెబ్బలు తింటోందో దానికైనా తెలుసో లేదో.

సుమలత

---

శక్కర్‌నగర్,
నవంబర్.

చెల్లె సుమలతకు,

నీ ఉత్తరం చదివి పక్కన పెట్టలేకపోయాను. అది తప్పు చేయడం లేదు. నేను నేర్పింది చేస్తోంది.

నేను తురాయిని కొన్నప్పుడు నువ్వు ఊళ్లో లేవు, హైదరాబాద్‌లో ఉన్నావు. దాన్ని బారాత్‌లో నువ్వు చూడలేదు. పెండ్లికొడుకు గుర్రం మీద వస్తుంటే పిల్ల ఇంటి ముందర మరదళ్లు తాడు అడ్డం పట్టి ఆపుతారు కదా, ఇటు ఇద్దరు అటు ఇద్దరు. చెయ్యి తడపందే దారి ఇవ్వరు. బ్యాండు మోతలో గుర్రం ఆగకపోతే ఆ ఆడపిల్లల కాళ్లు నలుగుతాయి. అందుకని మన పెరట్లోనే వెదురు కట్టె అడ్డం పెట్టి నేర్పాను. అడ్డం కనబడితే ఆగాలి, తల వంచి ఎడమ కాలుతో సలాం పెట్టాలి, కదలకూడదు. సలాం పెట్టగానే బెల్లం. అడ్డం తీస్తేనే నడవాలి. ఆ సలాం చూడడానికే వర్ని నుంచి, బాల్కొండ నుంచి వచ్చి తురాయే కావాలని అడిగేవాళ్లు.

భయమని నువ్వు రాశావు, భయానికి మందు నేను చెప్పాను. కట్టె దగ్గర బెల్లం పెట్టమన్నాను. మరిచిపోతున్న పాఠాన్ని మనమిద్దరం కలిసి మళ్లీ గట్టిగా నేర్పినట్టయింది. కాలు ఎత్తుతోందని రాసిన రోజే నాకు తెలిసిపోయింది. దుమకకపోతే నాదవుతుందనే ఆశతో నీకు రాయలేదు. నేను రాయకపోతే అది దెబ్బలు తిన్నది, సలాం ఇంకా బాగా పెడితే కొట్టడం ఆపుతారనుకుని పెట్టింది. ఆ మాట తలచుకుంటే అన్నం దిగడం లేదు. ఈసారి గొంతు వల్ల కాదు.

ఇక ఇట్లా చెయ్యి. స్టాండ్ల దగ్గర మనుషులు ఉండొద్దు. ఉంటే దానికి మరదళ్లే. కట్టెను భూమి మీద పడెయ్యి, దాని మీదుగా నడిపించు. బెల్లం అవతలి పక్కనే పెట్టు, ఇవతల మెడ కూడా నిమరొద్దు. కొంచెం కొంచెం ఎత్తు పెంచు. సలాం పెడితే చూడొద్దు, మొహం తిప్పుకో. మళ్లీ పెడుతుంది. నీ మొహంలోకి చూస్తుంది. అప్పుడు చూడకుండా ఉండడం కష్టం, కానీ చూడొద్దు.

దీనితో అది బారాత్‌కు పనికిరాకుండా పోతుంది. పోనీ.

ఆత్మారాం

---

డిచ్‌పల్లి,
డిసెంబర్.

అన్నకు,

ఆదివారం నువ్వు వెనక్కి చూడకుండా వెళ్లిపోయావు. అందుకని నీ వెనక ఏం జరిగిందో రాయాలి.

నువ్వు చెప్పినట్టే చేశామని, భూమి మీది కట్టె దాటిందని, జానెడెత్తు కూడా దాటిందని ఇదివరకే కార్డు రాశాను కదా. మోకాలెత్తుకు రాగానే మళ్లీ ఆగింది, మళ్లీ సలాం. నేను మొహం తిప్పుకున్నాను, కానీ ఒకటి రెండు సార్లు చూశాను. నావల్ల కాలేదు. ఆ ముక్క రాసినందుకే కాబోలు, చెప్పాపెట్టకుండా బస్సు దిగావు.

తడి తువాలు మెడకు చుట్టుకుని గేటులోకి వస్తుంటే నిన్ను గుర్తుపట్టలేదు. మనిషివి సగమయ్యావు. సార్ ఎదురొచ్చి, "ఆత్మారాం, దుమ్ములకు రావద్దన్నరట గద నిన్ను" అంటే, పలక మీద "నేర్పినోడే వద్దనాలె" అని రాసి చూపించావు. ఆయన ఆ పలక చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాడు.

మోకాలెత్తున కట్టె పెట్టి, తురాయిని ఒంటరిగా వదిలి, నువ్వు అవతల నిలబడ్డావు. నిన్ను చూడగానే అది అరిచిన అరుపు ఈ ఆరు నెలల్లో ఎప్పుడూ వినలేదు. పరుగెత్తుకొచ్చి కట్టె ముందు ఆగింది. ముక్కు మోకాలికి తగిలేదాకా తల వంచి సలాం పెట్టింది. అంత మంచి సలాం నాకు ఎప్పుడూ పెట్టలేదు. అప్పుడు నువ్వు వెనక్కి తిరిగి గేటు వైపు నడిచావు. ఇక్కడి దాకా నీకు తెలుసు.

కాలు దించింది. మళ్లీ ఎత్తింది. నువ్వు నడుస్తూనే ఉన్నావు. నావైపు చూసింది, నేను భూమిని చూశాను. కాలు దించి కాసేపు ఊరికే నిలబడింది. ఆ తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి, వచ్చి, దుమికింది. కట్టెకు గిట్ట తగల్లేదు. మీద ఎవరూ లేరు, ఎవరూ అదిలించలేదు. నీ వెనక రావడానికి దుమికింది. కంచె దాకా ఉరికి ఆగిపోయింది, నీ బస్సు వెళ్లిన తర్వాత కూడా అక్కడే ఉంది. దాణా వేసినా సాయంత్రానికి గాని రాలేదు.

మర్నాడు నేను ఎక్కి దుమికించాను. మూడుసార్లకు రెండుసార్లు దాటింది, ఆగినప్పుడు కాలు ఎత్తలేదు. సార్ జాతర మాట మరిచిపొమ్మన్నాడు. "గిది ఇగ ఈడనే ఉంటది. మీ అన్నను నెలకొకసారి వచ్చి సూసుకొమ్మను, బస్ కిరాయి నేనిస్త" అన్నాడు. వచ్చే ఆదివారం పెద్ద పిల్లలు దాన్ని దుమికిస్తారు. దూరంగా, దుమ్ము రాని చోట నీకు కుర్చీ వేస్తాను. రా.

సుమలత

---

శక్కర్‌నగర్,
డిసెంబర్.

చెల్లెకు,

చూడలేదు గాని విన్నాను. అప్పుడు గేటు దగ్గర ఉన్నాను. ముందు రెండు గిట్టలు, తర్వాత రెండు. నడిచే గుర్రానికి, దుమికి దిగిన గుర్రానికి చప్పుడు వేరు, అది నాకు ఎవరూ రాసి చెప్పక్కర్లేదు. ఉన్నచోటే కాళ్లు ఆగిపోయాయి. తిరిగి ఒక్కసారి దాని మెడ నిమిరితే చాలనిపించింది. తిరిగి ఉంటే నా ముందే మళ్లీ కాలు ఎత్తేది. అందుకే బస్సు ఎక్కాను.

రెండు రోజులు దగ్గు ఆగలేదు. మీ వదినె తిట్టింది. తిట్టి, అది దుమికిందా అని అడిగింది. దుమికిందని రాస్తే ఆ పలక చాలాసేపు తుడవకుండా గోడకు ఆనించి పెట్టింది.

నిన్న వర్ని నుంచి మాఘం పెండ్లికి గుర్రం అడగడానికి వచ్చారు. లేదని రాసిచ్చాను. సలాం పెట్టే గుర్రం ఇంకెవరి దగ్గరుందని అడిగారు. తెలియదని రాశాను.

మీ సార్ మంచివాడు, బస్సు కిరాయి ఇస్తానన్నందుకు నా దండం చెప్పు. కుర్చీ మాత్రం వేయకు. పిల్లలు మీద ఉండి కట్టె మీదికి వస్తున్నప్పుడు ఆ గుర్రం ఆగకూడదు, ఆగితే వాళ్లు పడతారు. ఎంత దూరాన కూర్చున్నా అది నన్ను పసిగడుతుంది. నేను కనబడితే ఆగుతుంది.

అందుకని ఇక రాను.

అన్న,
ఆత్మారాం